ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే: లోపాన్ని గుర్తించే క్రమం

ధర్సీవా (రాయ్‌పూర్): రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారిపై సిల్తరా పారిశ్రామిక వాడ దాటాక ధర్సీవా వస్తుంది. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలకు వచ్చిపోయే లారీల నడుమ కార్లు ఆగుతూ సాగుతూ నడిచే దారి ఇది. ఇక్కడి ఆటోమేటిక్ కారు యజమాని గ్యారేజీకి వెళ్తే ఫిర్యాదు సాధారణంగా ఒక్క హిందీ మాటలో ముగుస్తుంది: 'ఝట్కా'. బండి కుదుపులిస్తోందని దాని అర్థం. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు లోపాలు దాగి ఉండవచ్చు. వాటిలో ఒకటి కొత్త బ్యాటరీతో తీరిపోతుంది. మరొకటి గేర్‌బాక్స్ మొత్తాన్ని విప్పితే గాని తీరదు.

ఈ తేడా ఖర్చులోనూ భారీగానే ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను పూర్తిగా మార్చవలసి వస్తే బిల్లు అనేక మోడళ్లలో లక్ష రూపాయలు దాటుతుంది. అదే లోపం ఒక సెన్సర్ తీగలోనో, తరిగిన ఆయిల్‌లోనో ఉంటే ఖర్చు అందులో చిన్న భాగం మాత్రమే. దీనికి తారుమారైన పరిస్థితి కూడా ఉంది. చిన్న లోపాన్ని పట్టించుకోకుండా నెలల తరబడి నడిపితే, వందల్లో తేలవలసిన పని లక్షకు చేరుతుంది. కాబట్టి మెకానిక్ స్పానర్ పట్టుకోకముందే తేల్చుకోవలసినవి రెండు: కారులో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్, అది చేస్తున్నది సరిగ్గా ఏమిటి.

ఒకే పేరు, నాలుగు యంత్రాలు

మన దేశంలో 'ఆటోమేటిక్' అనే మాట నాలుగు భిన్నమైన యంత్రాలకు వాడుకలో ఉంది. వాటిలో పాతది టార్క్ కన్వర్టర్ రకం. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య గట్టి లంకె ఉండదు; ఆయిల్ ప్రవాహమే శక్తిని అందిస్తుంది. ఈ సూత్రానికి జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు పొందారు. పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌గా పేరుపొందిన జనరల్ మోటార్స్ 'హైడ్రా-మాటిక్' 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో వచ్చింది.

రెండోది సీవీటీ. ఇందులో గేర్ల మెట్లు ఉండవు. వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య బెల్టు నడుస్తూ నిష్పత్తిని నిరంతరం మారుస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ 1958లో ఇలాంటి ఏర్పాటుతో చిన్న కారును తెచ్చింది. నేటి కార్లలో ఉన్నది ఉక్కు బెల్టు లేదా గొలుసు. మూడోది డీసీటీ. సరి గేర్లకు ఒకటి, బేసి గేర్లకు మరొకటి చొప్పున రెండు క్లచ్‌లు ఇందులో ఉంటాయి. నాలుగోది ఏఎంటీ. నిజానికి ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. డ్రైవరు ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పనిని మోటారు, హైడ్రాలిక్ పంపు, కంప్యూటరు చేస్తాయి. 2014 ఫిబ్రవరిలో మారుతీ సుజుకీ సెలెరియోతో ఈ రకం భారత విపణిలో సామాన్యుడికి చేరింది. ఆ తర్వాత టాటా నానో, రెనో క్విడ్ వంటి చిన్న కార్లలోనూ కనిపించింది.

ఈ నాలుగింటికీ రోగాలు వేరు, మందులు వేరు. ఏఎంటీ కారు ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు క్షణకాలం ఆగి తల ఊపినట్టు కదలడం సహజ స్వభావం. టార్క్ కన్వర్టర్ కారు అదే పని చేస్తే అది లోపం. సీవీటీ కారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ మోత ముందుగా పెరిగి, వేగం నెమ్మదిగా దాన్ని అందుకోవడం కూడా సహజమే. మాన్యువల్ కారు నుంచి కొత్తగా మారినవారు దీన్ని 'క్లచ్ జారుతోంది' అని పొరబడుతుంటారు. గేర్ లివర్ మీది అక్షరాలను చూసి రకాన్ని పూర్తిగా తేల్చలేము. అయితే చాలా ఏఎంటీ కార్లలో 'పీ' స్థానం ఉండదన్నది ఒక గుర్తు. అనుమానం ఉంటే యజమాని పుస్తకంలో గేర్‌బాక్స్ ఆయిల్ పేరు చూడాలి. సీవీటీకి ప్రత్యేక ఆయిల్ పేర్కొంటారు, టార్క్ కన్వర్టర్‌కు ఏటీఎఫ్ అని ఉంటుంది, ఏఎంటీకి మాన్యువల్ గేర్ ఆయిల్‌తో పాటు క్లచ్ యాక్చువేటర్‌కు వేరే ఆయిల్ చెబుతారు.

ఫిర్యాదుకు సరైన మాట

వైద్యుడి దగ్గర 'ఒంట్లో బాగోలేదు' అంటే ఎంత ఉపయోగమో, గ్యారేజీలో 'ఝట్కా' అంటే అంతే ఉపయోగం. 'పికప్ లేదు' అన్న మాటదీ ఇదే తీరు. తెలుగులో ఈ తేడాలు చెప్పడానికి మాటలు లేకపోలేదు. ఆలస్యం, జారడం, దెబ్బ, వణుకు అనే నాలుగు మాటలను విడివిడిగా వాడితే చాలా వరకు సరిపోతుంది.

లివర్‌ను 'డీ'లోకో 'ఆర్'లోకో వేసిన తర్వాత కారు పట్టు అందుకోవడానికి రెండు సెకన్లకు మించి పడితే అది ఆలస్యం. టార్క్ కన్వర్టర్ కారులో దీని మొదటి అనుమానితుడు తరిగిన ఆయిల్. ఉదయం మొదటిసారి మాత్రమే ఆలస్యమై తర్వాత సర్దుకుంటే, రాత్రంతా నిలిపి ఉంచినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోవడం గానీ, లోపలి సీళ్లు గట్టిపడటం గానీ కారణం కావచ్చు. ఇంజిన్ తిరిగే వేగం పెరిగినా కారు వేగం పెరగకపోతే అది జారడం. క్లచ్ పలకలు పట్టు కోల్పోతున్నాయనడానికి ఇదే ప్రధాన లక్షణం. మిగిలినవాటి కంటే దీన్ని వేగంగా పట్టించుకోవాలి. జారిన ప్రతిసారీ పుట్టే వేడి పలకలను మరింత కాలుస్తుంది.

గేరు మారే క్షణంలో వెనుక నుంచి తన్నినట్టు అనిపిస్తే అది దెబ్బ. లోపలి ఒత్తిడి అదుపు తప్పినా, ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు పగిలినా ఇలాగే ఉంటుంది. ఇక వణుకు. ఇది గేరు మారేటప్పుడు కాక, గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల మధ్య స్థిర వేగంతో, యాక్సిలరేటర్‌ను స్వల్పంగా తొక్కి వెళ్తున్నప్పుడు వస్తుంది. కారు వరుస గీతల మీదుగా నడిచినట్టు కొద్ది క్షణాలు అదురుతుంది. టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ సరిగా పట్టకపోవడం ఇందుకు ప్రసిద్ధమైన కారణం.

వీటికి తోడు నాలుగు వివరాలు రాసి ఇస్తే మెకానిక్ పని సగం తేలికవుతుంది: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, ఏ వేగంలో, ఏ గేరులో, యాక్సిలరేటర్ ఎంత తొక్కినప్పుడు. వెనుక గేరులోనే సమస్య ఉందా, ముందు గేర్లన్నింటిలోనా అన్నది కూడా విలువైన సమాచారం. ఒక్క గేరులోనే లోపం ఉంటే ఆ గేరుకు సంబంధించిన క్లచ్ లేదా వాల్వు వైపు చూపు మళ్లుతుంది. అన్నింటిలోనూ ఉంటే పంపు, ఆయిల్, టార్క్ కన్వర్టర్ వైపు మళ్లుతుంది.

నింద గేర్‌బాక్స్‌ది, తప్పు మరొకదానిది

గేర్‌బాక్స్‌కు అంటగట్టే ఫిర్యాదుల్లో కొన్ని అసలు గేర్‌బాక్స్‌వే కావు. లివర్ 'పీ' నుంచి కదలడం లేదనే ఫిర్యాదునే తీసుకోవచ్చు. బ్రేకు తొక్కితేనే లివర్ విడుదలయ్యేలా ఆటోమేటిక్ కార్లలో ఒక తాళం ఉంటుంది. బ్రేకు తొక్కినట్టు కంప్యూటరుకు చెప్పేది పెడల్ దగ్గరి చిన్న స్విచ్. కాబట్టి లివర్ కదలకపోతే మొదట కారు వెనుక ఒకరిని నిలబెట్టి బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. వెలగకపోతే లోపం ఆ స్విచ్‌లోనో ఫ్యూజులోనో ఉండే అవకాశం ఎక్కువ.

బ్యాటరీది రెండో స్థానం. గేర్‌బాక్స్ కంప్యూటరు, సోలినాయిడ్ వాల్వులు, ఏఎంటీ పంపు అన్నీ విద్యుత్తు మీదనే ఆధారపడతాయి. నిలిపి ఉంచిన కారు బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. మీటరు ఖరీదు కొద్ది వందలు మాత్రమే. మే నెలలో 45 డిగ్రీలను తాకే రాయ్‌పూర్ ఎండల్లో బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బలహీనపడిన బ్యాటరీ కారణంగా గేర్‌బాక్స్ హెచ్చరిక దీపం వెలిగిన కారును, గేర్‌బాక్స్ విప్పి బాగుచేయలేము.

వణుకుకు సంబంధించిన గందరగోళం మరింత సాధారణం. పాతబడిన స్పార్క్ ప్లగ్, బలహీనమైన ఇగ్నిషన్ కాయిల్ వల్ల ఇంజిన్‌లో ఒక సిలిండర్ సరిగా మండకపోయినా కారు అచ్చంగా లాకప్ క్లచ్ అదిరినట్టే అదురుతుంది. రెండింటినీ వేరుచేయడానికి అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ఖాళీ రోడ్డు మీద ఒక పరీక్ష చేస్తారు. వణుకు వస్తున్న సమయంలో యాక్సిలరేటర్‌ను అలాగే ఉంచి, బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే బ్రేకు పెడల్‌ను తాకుతారు. ఆ సంకేతంతో చాలా కార్లలో కంప్యూటరు లాకప్ క్లచ్‌ను విడిచిపెడుతుంది. అదే క్షణంలో వణుకు ఆగితే అనుమానం టార్క్ కన్వర్టర్ మీద, ఆగకపోతే ఇంజిన్ మీద. ధర్సీవా రహదారి మీద లారీల మధ్య చేయదగిన ప్రయోగం కాదిది.

మలుపు తిరిగేటప్పుడు టకటకమనే శబ్దం వస్తే అది సాధారణంగా చక్రాలకు శక్తి అందించే యాక్సిల్ జాయింటుది. దాన్ని కూడా గేర్ల ఖాతాలో వేయడం తరచుగా జరుగుతుంది.

ఆయిల్ చెప్పే కథ

టార్క్ కన్వర్టర్, సీవీటీ గేర్‌బాక్సుల్లో ఆయిల్ కేవలం కందెన కాదు. శక్తిని మోసేదీ, క్లచ్‌లను నొక్కేదీ, వేడిని బయటకు తెచ్చేదీ అదే. అందువల్ల పరీక్ష అక్కడే మొదలవ్వాలి. డిప్‌స్టిక్ ఉన్న కార్లలో మట్టాన్ని చూడటం యజమానికి సాధ్యమే. అయితే ఇంజిన్ నడుస్తుండగా చూడాలా ఆపి చూడాలా అన్నది తయారీదారును బట్టి మారుతుంది. పుస్తకం చెప్పినట్టే చేయాలి. ఇటీవలి కార్లలో డిప్‌స్టిక్ లేనివే ఎక్కువ. వాటిని సమతలంగా లిఫ్టు మీద ఎత్తి, స్కానర్‌తో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, నిర్దేశించిన వేడి దగ్గర మట్టం ప్లగ్ విప్పి చూడవలసి ఉంటుంది. ఉష్ణోగ్రత చూడకుండా 'కొంచెం పొంగేదాకా పోశాం' అంటే ఆ మట్టం నమ్మదగినది కాదు. ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సరిపోయినట్టు కనిపించింది వేడిలో ఎక్కువవుతుంది. ఎక్కువైన ఆయిల్ నురుగు కట్టి, తక్కువైనప్పటి లక్షణాలనే చూపుతుంది.

కొత్త ఏటీఎఫ్ చాలావరకు ఎర్రగా ఉంటుంది. గోధుమ రంగుకు తిరగడం వయసును సూచిస్తుంది. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ పలకలు కాలాయని అనుమానించాలి. రంగు ఒక్కటే సాక్ష్యం కాదు, ఎందుకంటే కొన్ని ఆయిల్‌లు కొద్ది వేల కిలోమీటర్లకే ముదురుతాయి, కొన్ని సీవీటీ ఆయిల్‌లు మొదటి నుంచే ఎరుపు కావు. పాలు కలిపిన గులాబీ రంగులో కనిపించే ఆయిల్ విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు: అందులో నీరో కూలెంటో కలిసింది. గేర్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలి నుంచి వెళ్లే కార్లలో, ఆ గొట్టం చిల్లుపడితే రెండూ కలుస్తాయి. కూలెంటులోని గ్లైకాల్ క్లచ్ పలకల జిగురును విడదీస్తుంది. అలాంటి కారును ఇంటిదాకా కూడా నడపకూడదు.

పాన్ విప్పినప్పుడు అందులోని అయస్కాంతాన్ని యజమాని స్వయంగా చూడటం మంచిది. దానిమీద బూడిదరంగు మెత్తని పేస్టు ఉండటం మామూలు అరుగుదల. మెరిసే లోహపు ముక్కలు, వేలికి తగిలే రజను కనిపిస్తే లోపల గేరో బేరింగో దెబ్బతింది. ఆ దశలో ఆయిల్ మార్పు చికిత్స కాదు.

'జీవితకాలం ఆయిల్ మార్చనక్కర్లేదు' అన్న ప్రచారాన్ని కొంత అనుమానంతోనే చూడాలి. అనేక కంపెనీల కార్లకు గేర్‌బాక్సులు సరఫరా చేసే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లలోపు ఆయిల్ మార్చాలని సూచిస్తోంది. వేడి అధికంగా ఉన్నచోట ఇంకా ముందే మార్చడం సమంజసం. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి పది పన్నెండు డిగ్రీల పెరుగుదలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. సిల్తరా పరిసరాల్లో దీనికి మరో కారణం తోడవుతుంది. కర్మాగారాల దుమ్ము, బూడిద రేడియేటర్ ముందున్న కూలర్ రెక్కల మధ్య పేరుకుపోతాయి. గాలి ఆడక ఆయిల్ వేడెక్కుతుంది. తక్కువ ఒత్తిడి నీటితో ఆ రెక్కలను ఏడాదికి ఒకటి రెండు సార్లు కడిగించడం చౌకైన పని. ప్రెషర్ వాషర్ నేరుగా పట్టిస్తే రెక్కలు వంగిపోతాయి.

పాత గేర్‌బాక్స్‌లో ఆయిల్ మారిస్తే అది ఆగిపోతుందన్న నమ్మకం గ్యారేజీల్లో బలంగా ఉంది. ఇందులో సగం నిజం. అప్పటికే పలకలు అరిగి జారుతున్న గేర్‌బాక్స్ కొత్త ఆయిల్‌తో బాగుపడదు. ఆ తర్వాత అది ఆగిపోతే నింద ఆయిల్ మీద పడుతుంది. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగితే పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారులను మూసే ప్రమాదమూ ఉంది. మామూలుగా కిందికి కార్చి, కార్చినంతే కొలిచి నింపే పద్ధతి దానికంటే సురక్షితం. పొరపాటున కూడా సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోయించకూడదు. ఉక్కు బెల్టు పుల్లీ మీద జారకుండా పట్టి ఉండటానికి కావలసిన ఘర్షణ గుణం దానికి ప్రత్యేకించిన ఆయిల్‌లోనే ఉంటుంది.

కోడ్ తీర్పు కాదు, చిరునామా

హెచ్చరిక దీపం వెలిగిన కారుకు స్కానర్ తగిలించగానే ఒక కోడ్ వస్తుంది. దాన్ని చూసి భాగం మార్చేయడం నేటి గ్యారేజీల్లో అత్యంత ఖరీదైన అలవాటు. అమెరికాలో 1996 మోడల్ కార్లతో తప్పనిసరి అయిన ఓబీడీ-2 విధానంలో కోడ్‌లకు ఒక వ్యాకరణం ఉంది. మొదటి అక్షరం 'పీ' అంటే ఇంజిన్, గేర్‌బాక్సుల విభాగం. తర్వాతి సున్నా అన్ని కంపెనీలకూ ఉమ్మడి అర్థమని చెబుతుంది, ఒకటి ఉంటే అది ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలో ఏడు ఉంటే విషయం గేర్‌బాక్స్‌ది.

వీటిలో యజమానులకు ఎక్కువగా కనిపించేది పీ0700. దీని అర్థం 'గేర్‌బాక్స్ కంప్యూటరు దగ్గర ఒక ఫిర్యాదు ఉంది' అని మాత్రమే. ఆ ఫిర్యాదు ఏమిటో ఈ కోడ్ చెప్పదు. ఇంజిన్ కంప్యూటరును మాత్రమే చదవగలిగే చౌక స్కానర్ ఇక్కడే ఆగిపోతుంది. గేర్‌బాక్స్ కంప్యూటరును చదివే స్కానర్ ఉంటేనే అసలు కోడ్ బయటపడుతుంది. పీ0700 కాగితం చూపి గేర్‌బాక్స్ మార్చాలని చెప్పే గ్యారేజీని అక్కడికక్కడే వదిలి రావచ్చు.

పీ0715 అంటే గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్ వలయంలో లోపం. వలయం అన్న మాటలో సెన్సర్‌తో పాటు తీగ, కనెక్టర్, భూసంబంధం అన్నీ ఉన్నాయి. ఎలుక కొరికిన తీగకు కూడా ఇదే కోడ్ వస్తుంది. కాబట్టి కొత్త సెన్సర్ కొనేముందు కనెక్టర్ ఊడదీసి తుప్పు, తడి, ఆయిల్ ఉన్నాయేమో చూసి, మీటరుతో తీగ తెగలేదని నిర్ధారించాలి. పీ0730 మరింత గంభీరమైనది. గేరు నిష్పత్తి సరిపోలడం లేదని దాని అర్థం. కంప్యూటరు దీన్ని చిన్న లెక్కతో పట్టుకుంటుంది. ఒకటికి ఒకటి నిష్పత్తి ఉన్న గేరులో లోపలికి నిమిషానికి 2000 చుట్లు వస్తే బయటికీ 2000 రావాలి. 1800 మాత్రమే వస్తే 200 చుట్లు ఎక్కడో జారుతున్నాయి. అయితే రెండు సెన్సర్లలో ఒకటి తప్పు చెప్పినా లెక్క తప్పుతుంది. అందుకే నడుస్తున్న కారులో ఆ రెండు సంఖ్యలను ప్రత్యక్షంగా స్కానర్ మీద చూసిన తర్వాతే తీర్మానానికి రావాలి. పీ0741 లాకప్ క్లచ్ పట్టడం లేదని, పీ0218 ఆయిల్ మితిమీరి వేడెక్కిందని చెబుతాయి.

తీవ్రమైన లోపం కనిపిస్తే గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి తరచుగా మూడో గేరులో ఇరుక్కుపోతుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే కొన్నిసార్లు మామూలవుతుంది. అంతమాత్రాన లోపం పోయినట్టు కాదు. కోడ్ చదవకముందే బ్యాటరీ తీగ విప్పి 'రీసెట్' చేయించుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కొన్ని కార్లలో దానితో సాక్ష్యమంతా చెరిగిపోతుంది.

ఒక పాఠం ప్రపంచ స్థాయిలోనే జరిగింది. 2013 నవంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ ఉన్న సుమారు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వేడి, తేమ అధికంగా ఉండే వాతావరణంలో ఆగుతూ సాగే ప్రయాణాల వల్ల, గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ విద్యుత్ షార్టుకు దారితీసే అవకాశం ఉందని గుర్తించి, దాని స్థానంలో మినరల్ ఆయిల్ నింపింది. పైకి గేరు పట్టు తప్పడంగా కనిపించే లోపానికి మూలం విద్యుత్తులో, దానికి మూలం ఆయిల్‌లో ఉంది.

ఏఎంటీ, డీసీటీ: క్లచ్ వైపు చూపు

ఏఎంటీ కారు డ్రైవరు వైపు తలుపు తెరవగానే చాలా మోడళ్లలో సన్నని మోత వినిపిస్తుంది. హైడ్రాలిక్ పంపు ఒత్తిడి నింపుకొంటున్న శబ్దమది. ఆ మోత ఆగకుండా మళ్లీమళ్లీ వస్తుంటే ఒత్తిడి ఎక్కడో కారిపోతోందని అర్థం. గేరు పడక తెరమీద 'ఎన్' మిణుకుతుంటే బ్యాటరీ, యాక్చువేటర్ ఆయిల్ మట్టం, తర్వాత క్లచ్ అరుగుదల అనే వరుసలో చూడటం మేలు. క్లచ్ మార్చిన ప్రతిసారీ స్కానర్‌తో కంప్యూటరుకు కొత్త క్లచ్ పట్టే స్థానాన్ని నేర్పించాలి. ఆ పని వదిలేయడం వల్లనే కొత్త క్లచ్ వేసిన మర్నాడే కుదుపులు మొదలైన కార్లు గ్యారేజీలకు తిరిగి వస్తాయి.

పొడి క్లచ్ ఉన్న డీసీటీకి, ఏఎంటీకి ఒకే శత్రువు: ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టడం. క్లచ్ సగం పట్టిన స్థితిలో కాలిపోతుంది. రద్దీలో ముందు కారు అంగుళం కదిలినప్పుడల్లా తానూ అంగుళం కదలకుండా, ఒక కారు పట్టేంత ఖాళీ ఏర్పడ్డాక కదిలితే క్లచ్ పూర్తిగా పట్టే అవకాశం దొరుకుతుంది. వేడి హెచ్చరిక వస్తే పక్కకు ఆపి 'పీ'లో, అది లేని కారులో 'ఎన్'లో వేసి చేతి బ్రేకుతో చల్లారనివ్వాలి.

ఘాట్ దారికి ముందు

రాయ్‌పూర్ ప్రాంతంలోని తెలుగువారు స్వస్థలాలకు కారులో వెళ్లే దారులు రెండూ కొండల మీదుగానే సాగుతాయి. రాయ్‌పూర్ మీదుగా వచ్చే 30వ జాతీయ రహదారి కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, జగ్దల్‌పూర్, కొంటా, భద్రాచలం మీదుగా విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం చేరుతుంది. విజయనగరం, విశాఖపట్నం వెళ్లేవారు జగ్దల్‌పూర్ నుంచి కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగుతారు. ధర్సీవా సమతల రోడ్డు మీద కనిపించని లోపం ఈ ఎత్తుల్లో బయటపడుతుంది. నిండు బరువుతో తక్కువ వేగంలో ఎక్కుతున్నప్పుడు టార్క్ కన్వర్టర్ లాకప్ విడిపోయి, ఆయిల్ చిలకబడి వేడెక్కుతుంది. అప్పటిదాకా అప్పుడప్పుడు జారిన క్లచ్ అక్కడ పూర్తిగా వదిలేయవచ్చు. ఊళ్లో జారడం లేదా ఆలస్యం ఒక్కసారైనా కనిపించిన కారును పరీక్ష చేయించకుండా ఘాట్‌కు తీసుకెళ్లడం తగదు. దిగేటప్పుడు 'ఎన్'లో వేయడం ఏ రకం ఆటోమేటిక్‌లోనూ పనికిరాదు. 'ఎల్' లేదా మాన్యువల్ స్థానంలో తక్కువ గేరు పట్టి ఉంచాలి.

దారిలో ఆగిపోతే నెట్టి స్టార్టు చేయాలని చూడటం వృథా. తాడు కట్టి లాగడం మరింత హానికరం. గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందించే పంపు ఇంజిన్‌తో తిరుగుతుంది; ఇంజిన్ ఆగి చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు పొడిగా రాసుకుంటాయి. ముందు చక్రాలతో నడిచే కారైతే ఆ చక్రాలను పైకెత్తి, లేదా నాలుగు చక్రాలూ ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించి తరలించాలి. వర్షాకాలంలో మోకాలు లోతు నీటిలో ఆగిపోయిన కారుకు మరో జాగ్రత్త అవసరం. గేర్‌బాక్స్ గాలి గొట్టం ద్వారా నీరు లోపలికి పీల్చుకుని ఉండవచ్చు, కాబట్టి ఆయిల్ చూసేవరకు ఇంజిన్ వేయకూడదు.

విప్పడానికి అనుమతి ఇచ్చేముందు

గేర్‌బాక్స్ విప్పాలని చెప్పిన మెకానిక్‌ను అడగదగినవి కొన్ని ఉన్నాయి. గేర్‌బాక్స్ కంప్యూటరు నుంచి వచ్చిన కోడ్‌ల కాగితం, ఆయిల్ మట్టం ఏ ఉష్ణోగ్రత దగ్గర చూశారన్న వివరం, టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ అయితే గేజీ పెట్టి కొలిచిన ఆయిల్ ఒత్తిడి. ఒత్తిడి అన్ని గేర్లలో తక్కువగా ఉంటే పంపు లేదా వడపోత, ఒక్క గేరులో తక్కువగా ఉంటే ఆ గేరు సీలు. ఈ కొలత లేకుండా విప్పడమంటే రక్తపరీక్ష చేయకుండా శస్త్రచికిత్స చేయడమే. బ్రేకు తొక్కి పట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే 'స్టాల్ టెస్ట్' పాత టార్క్ కన్వర్టర్ కార్లకు ఉద్దేశించినది. దాన్ని అయిదు సెకన్లకు మించి చేయకూడదు. యజమాని ఇంటి ముందు ప్రయత్నించకూడదు, డీసీటీ, ఏఎంటీల మీద అసలే చేయకూడదు.

అంచనా ఖర్చును రాతపూర్వకంగా తీసుకోవడం, మార్చిన పాత భాగాలను వెనక్కి అడగడం యజమాని ప్రయోజనానికి అవసరం. వారంటీ గడువు ఉన్న కారును బయట విప్పిస్తే కంపెనీ బాధ్యత తప్పించుకునే అవకాశం ఇచ్చినట్టవుతుంది. తయారీదారు ఆ మోడల్‌కు రీకాల్ ప్రకటించాడేమో కూడా ముందే విచారించాలి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులను జిల్లా వినియోగదారుల కమిషన్ విచారిస్తుంది. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. సొంత నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలును ఈ చట్టం కల్పించింది. కాబట్టి ధర్సీవాలో నివసించే యజమాని, విశాఖపట్నంలో జరిగిన మరమ్మతుపై కూడా రాయ్‌పూర్ కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.